పెద్దయ్యాక బాసూన్ మొదలెట్టాను, విసుగు రాని ప్రాక్టీస్ పాఠాలు ఏవుంటాయో చెప్పండి

అమలాపురం_మంద్రం:

అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర, ఉద్యోగం బ్యాంకులో, వయసు నలభై దాటింది. చిన్నప్పుడు మా వీధి చివర మాస్టారి దగ్గర గాత్రం గీతాల దాకా నేర్చుకున్నాను, తర్వాత చదువులు ఉద్యోగం పిల్లలు అని ఆ వైపు వెళ్ళలేదు. ఇప్పుడు బాసూన్ నేర్చుకుంటున్నాను. మనలో చాలామంది ఈ వాయిద్యం చూసుండరు కాబట్టి చెప్తాను, మేపుల్ చెక్కతో చేసిన పొడుగాటి గొట్టం, కింద మలుపు తిరిగి మళ్ళీ పైకి వస్తుంది, ఆ గొట్టం మొత్తం సాగదీసి కొలిస్తే రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది, నోట్లో పెట్టుకునేది మన సన్నాయి పీకలాగే జంట రీడ్, గొంతేమో మంద్రస్థాయి. జర్మనీలో వుండే మా బావగారు ఇండియా తిరిగొచ్చేస్తూ తను వాయించుకున్న పాత బాసూన్ నాకు ఇచ్చేసేరు. ఆ గొంతంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను, చీకటి పడ్డాక పెరట్లో కూర్చుని కింద ఎఫ్ స్వరం ఒక్కటి నిండుగా పలికితే చాలు ఒళ్ళంతా తెలుస్తుంది.

మాస్టారు చెన్నై నుంచి ఆన్‌లైన్‌లో చెప్తారు, పదిహేను రోజులకోసారి క్లాసు. వైసెన్‌బోర్న్ పుస్తకం పెట్టేరు. పుస్తకం మంచిదే, ఆయన చెప్పేది బాగా అర్థమవుతుంది, కానీ క్లాసుకీ క్లాసుకీ మధ్య నేనొక్కణ్ణే కూర్చుని చేసుకునే ప్రాక్టీస్ ఉంది చూసేరూ, అక్కడ వస్తోంది చిక్కు. బ్యాంకు నుంచి వచ్చి అన్నం తిని కూర్చుంటే నాకు దొరికేది అరగంట, ఎక్కువలో ఎక్కువ ముప్పావుగంట. ఆ టైమంతా పొడుగు స్వరాలు, స్కేలు, మళ్ళీ పొడుగు స్వరాలు అయిపోతే లేచేసరికి సంగీతం చేసినట్టు అనిపించట్లేదు. పదేళ్ళ పిల్లాడైతే మాస్టారు చెప్పేరు అని చేసేస్తాడేమో, ఈ వయసులో నేను నేర్చుకునేదే ఆనందం కోసం కదండీ. అలాగని పునాది వదిలేయాలని లేదు.

అందుకని అడుగుతున్నాను, చేతికీ ఊపిరికీ పనికొస్తూ వింటానికి కూడా పాటలా ఉండే పాఠాలు ఏవి? పుస్తకం వరసలోనే వెళ్ళాలా, నచ్చినవి ఏరుకోవచ్చా? మన గీతాలు దీని మీద వాయిస్తే అలవాట్లు చెడతాయా? ఒకళ్ళిద్దరు అనుభవం ఉన్నవాళ్ళు చెప్పినా చాలు.

తణుకు_టు_లైప్‌జిగ్:

మీ పోస్టు చూసి చాలా సంతోషం వేసిందండి, తెలుగులో బాసూన్ గురించి అడిగినవాళ్ళని నేను ఇదే చూడ్డం. నాది తణుకు, చదువుకోడానికి లైప్‌జిగ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను, ఒక అమెచ్యూర్ ఆర్కెస్ట్రాలో రెండో బాసూన్ వాయిస్తాను, నేనూ పెద్దయ్యాక మొదలెట్టినవాణ్ణే. మీ పుస్తకం రాసిన యూలియస్ వైసెన్‌బోర్న్ ఈ ఊరి గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాలో బాసూన్ వాయించినాయనే, ఇక్కడి కన్సర్వేటరీలో పాఠాలు కూడా చెప్పేరు. 1837లో పుట్టి 1888లో పోయేరు, బాసూన్ స్కూల్ పుస్తకం 1887లో వచ్చింది. అంటే కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, పాత ఎడిషన్లు ఐఎంఎస్ఎల్‌పీ సైట్‌లో ఫ్రీగా దిగుతాయి, డబ్బులు పెట్టక్కర్లేదు.

ఇక్కడ ఒకటి చూసుకోండి, ఆయనవి రెండు వేరు వేరు ఉన్నాయి. ఒకటి ఆ స్కూల్ పుస్తకం. రెండోది ఓపస్ 8 అని స్టడీలు, అంటే అభ్యాసం కోసం రాసిన చిన్న రచనలు, రెండు భాగాలు, మొదటిది కొత్తవాళ్ళకి, రెండోది ముదిరినవాళ్ళకి, ఆ రెండో దాంట్లో యాభై ఉంటాయి, దాని జోలికి ఇప్పుడు పోకండి. మీ దగ్గర ఉన్నది స్కూల్ పుస్తకం అయితే అందులో పాఠాలు చాలావరకు రెండు బాసూన్లకి రాసినవి, పైది శిష్యుడు కిందది గురువు వాయించేలాగ. ఆన్‌లైన్ క్లాసులో ఇద్దరూ ఒకేసారి వాయించడం కుదరదు, శబ్దం ఆలస్యంగా వస్తుంది కదా, అందుకే ఆ పాఠాలు మీకు ఎండిపోయినట్టు అనిపిస్తున్నాయని నా అనుమానం. సగం పాటే మీరు వాయిస్తున్నారు. మాస్టార్ని కింద వరస రికార్డు చేసి పంపమని అడగండి, ముందు నాలుగు దెబ్బలు లెక్క చెప్పి మొదలెట్టమనండి. అది స్పీకర్లో పెట్టుకుని మీ వరస వాయించండి, అవే పొడుగు స్వరాలు అప్పుడు వేరేగా వినిపిస్తాయి, ఎందుకంటే కింద ఇంకో స్వరం కదులుతుంటే మీరు పట్టుకున్న సి ఒకసారి ఇంట్లో ఉన్నట్టూ ఒకసారి ఎక్కడికో వెళ్ళాలన్నట్టూ అనిపిస్తుంది, దానితో శ్రుతి కూడా దానంతట అదే సర్దుకుంటుంది.

ఏరుకోవచ్చా అన్నారు, తప్పకుండా ఏరుకోండి. ఓపస్ 8 మొదటి భాగంలో విడివిడిగా పలికేవి, కలిపి పలికేవి, తుంచి పలికేవి అని ఊదే పద్ధతుల మీద సాగుతాయి, వాటిల్లో కొన్ని నిజంగా చిన్న పాటలే. నేను ఏరుకునే పద్ధతి చెప్తాను. కొత్త స్టడీ తెరిచి వాయించకుండా ముందు కూనిరాగంలా పాడతాను, మీకు గాత్రం వచ్చు కాబట్టి మీకు ఇంకా తేలిక. రెండుసార్లు పాడేక పుస్తకం మూసేసినా మొదటి రెండు లైన్లు నోట్లో ఆడుతుంటే అది తీసుకుంటాను. ఆడకపోతే పక్కన పెడతాను, కొన్నాళ్ళకి మళ్ళీ చూస్తాను. రెండోది వేళ్ళ సంగతి, స్టడీ మొత్తంలో మీకు రాని చోట్లు ఒకటో రెండో ఉండాలి, అంతకన్నా ఎక్కువుంటే ఎంత బాగున్నా ఇప్పుడు వద్దు. లైనుకో గండం ఉన్న స్టడీతో నెల్లాళ్ళు కుస్తీ పడితే పాట మీద ప్రేమ పోతుంది.

ఒకేసారి మూడు పెట్టుకోండి, ఒకటి కొత్తది, ఒకటి సగం వచ్చింది, ఒకటి పూర్తిగా వచ్చేసింది. ఆ వచ్చేసినదాన్ని మాత్రం వదలకండి, రోజూ చివర్లో అదే వాయించి లేవండి.

సన్నాయి_ఇంటివాడు:

నమస్కారం అండి, మాది ద్రాక్షారామం దగ్గర, మూడు తరాలుగా సన్నాయి. ఈ బాసూన్ అనేది నేను యూట్యూబ్‌లో తప్ప చూడలేదు గానీ జంట రీడ్ అన్నారు కాబట్టి రెండు మాటలు చెప్తాను, తప్పుగా అనుకోకండి.

పాట కావాలి సరే. ఆ పొడుగు స్వరాల మీద మాత్రం విసుగు పడకండి బాబూ, మా ఇంట్లో పిల్లలకి నెలల తరబడి అదే. అయితే మేం ఎప్పుడూ ఒట్టినే ఊదించం, పక్కన శ్రుతి ఉండి తీరాలి. మీరు శ్రుతి పెట్టుకుంటున్నారా? ఫోన్లో తంబురా యాప్ పెట్టుకోండి, కింద ఎఫ్ మీకు బాగా పలుకుతోందన్నారు కదా, ఎఫ్ అంటే మన లెక్కలో నాలుగు శ్రుతి, అది పెట్టుకుని షడ్జం పట్టండి. చిన్నగా మొదలెట్టి పెంచి మళ్ళీ చిన్నగా చేసి వదలండి, శ్రుతిలో కలిసిపోయినప్పుడు మీ స్వరం ఎక్కడుందో తంబురా ఎక్కడుందో తెలీదు, ఆ క్షణం కోసం ఊదితే పొడుగు స్వరం అంత రుచైనది ఇంకోటి లేదు. తర్వాత పంచమం, తర్వాత పై షడ్జం. మీ అరగంటలో ఐదు నిమిషాలు దీనికివ్వండి చాలు.

తర్వాత గీతాలు వాయించొచ్చా అన్నారు, ఎందుకు వాయించకూడదు? ముందు సరళీ స్వరాలు మూడు కాలాల్లో చెయ్యండి, మీకు నోటికి వచ్చు కాబట్టి కాయితం చూడక్కర్లేదు, కళ్ళు ఖాళీగా ఉంటాయి కాబట్టి చెవి పనిచేస్తుంది. జంట స్వరాలు ఉన్నాయి చూసేరా, సస రిరి గగ మమ, అవి నాలిక కొట్టడానికి, అదే రీడ్‌ని నాలికతో తాకి స్వరం విడిగా పలికించడానికి, పెట్టినట్టే ఉంటాయి. ప్రతి జంటలో రెండో స్వరం మొదటిదాని కన్నా నీరసంగా రాకూడదు, అదొక్కటి చూసుకోండి, మా నాన్నగారు గుమ్మం బయట కూర్చుని అదొక్కటే వినేవారు. దాటు స్వరాలు వేళ్ళు దూరం గెంతడానికి. అలంకారాలు చేసేరంటే తాళం కూడా కుదురుతుంది, కాలితో దెబ్బ వేసుకోండి. మాయామాళవగౌళలో మొదలెట్టండి, పద్ధతి అదే కదా. తర్వాత మలహరి గీతాలు.

తణుకు_టు_లైప్‌జిగ్:

సన్నాయి గారూ, జంట స్వరాల మాట చాలా గొప్పగా చెప్పేరండి, నాలిక కొట్టడానికి ఇంగ్లీషు పుస్తకాల్లో ఇచ్చే అభ్యాసాల కన్నా అదే బాగుంది, రేపట్నుంచి నేనూ చేస్తాను. ఒక్క చోట మాత్రం మార్చమంటాను, రాగం దగ్గర. మాయామాళవగౌళ సన్నాయి మీద ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ బాసూన్ మీద కొత్తవాళ్ళకి అది చాలా కష్టం, ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, అమలాపురం గారికి పాఠాలు ఏరుకోడానికి కూడా పనికొస్తుంది.

బాసూన్ మీద ఎడం చేతి బొటనవేలు ఒక్కదానికే తొమ్మిది దాకా కీలు ఉంటాయి. ఎఫ్ షడ్జంగా పెట్టుకుని మాయామాళవగౌళ వాయిస్తే శుద్ధ దైవతం డి ఫ్లాట్ అవుతుంది, అదే సి షార్ప్ అనండి. ఆ స్వరం దగ్గర బొటనవేలు విస్పర్ కీ మీద, అంటే కింద స్వరాలకి ఆ వేలు నొక్కి ఉంచే కీ మీద, ఊరికే ఉండడానికి లేదు, సి షార్ప్ కీ వైపు కూడా వంగాలి, మళ్ళీ వెంటనే వెనక్కి రావాలి. సరళీ స్వరాల్లో ప ద ని స అనీ స ని ద ప అనీ లైను లైనుకీ అది తగులుతూనే ఉంటుంది. ఇది బాసూన్‌కి ఉన్న పాత చిక్కుల్లో ఒకటి, ఏళ్ళ తరబడి వాయించేవాళ్ళు కూడా ఆ చోటు చూసుకుని వెళ్తారు. మలహరి కూడా అంతే, అదే దైవతం. షడ్జం మార్చి సి పెట్టుకున్నా రిషభం మళ్ళీ అదే డి ఫ్లాట్ అయి కూర్చుంటుంది.

అదే శంకరాభరణం చెయ్యండి, కింద ఎఫ్ నుంచి పై ఎఫ్ దాకా. ఎఫ్ జి ఏ బి ఫ్లాట్ సి డి ఇ ఎఫ్. బి ఫ్లాట్ ఒక్కటే కొంచెం చూసుకోవాల్సింది, అది కుడి బొటనవేలి పని. ఎడం బొటనవేలు మొదట్నుంచి చివరిదాకా విస్పర్ కీ మీదే ఉంటుంది, ఎక్కడా రంధ్రం సగమే మూయాల్సిన పని లేదు. పైకి వెళ్ళే కొద్దీ వేళ్ళు ఒక్కొక్కటి లేస్తాయి, సి దగ్గరకొచ్చేసరికి ఎడం చేతి మూడు వేళ్ళే మిగులుతాయి, డి కి రెండు, ఇ కి ఒకటి, పై ఎఫ్ కి ఏమీ లేవు, అన్నీ తెరిచే. అలా తెరిచి ఉన్న స్వరం కాబట్టి పై ఎఫ్ కదిలిపోతూ ఉంటుంది, దాన్ని పెదాలతో ఊపిరితో నిలబెట్టాలి, సన్నాయి గారు చెప్పిన తంబురా దగ్గర కింద ఎఫ్ పై ఎఫ్ రెండూ పట్టి చూసుకోండి, ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది.

అసలు గండం పై ఎఫ్ దాటేకే మొదలవుతుంది. ఎఫ్ కి వేళ్ళేమీ లేవా, దాని పక్కనున్న జి కి మళ్ళీ అన్ని వేళ్ళూ ఒకేసారి మూయాలి, దాంతోపాటు ఎడం చూపుడువేలు రంధ్రం సగమే మూయాలి. ఒక్క మెట్టు ఎక్కడానికి చెయ్యి మొత్తం మారుతుంది. ఇంకా పైకెళ్తే ఏ దగ్గర విస్పర్ కీ వదిలెయ్యాలి, పై కీ ఒకటి బొటనవేలితో అలా తాకి తియ్యాలి, దాన్నే ఫ్లిక్ అంటారు, లేకపోతే స్వరం ముందు గరగరమని తర్వాత పలుకుతుంది. కాబట్టి ఏ స్టడీ చూసినా ముందు అది పై ఎఫ్ ఎన్నిసార్లు దాటుతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అస్సలు దాటనివి చేతికి హాయిగా ఉంటాయి, ఊపిరి మీదా గొంతు మీదా మనసు పెట్టొచ్చు. రెండు మూడు సార్లు దాటేవి మీకు ఇప్పుడు సరైన పాఠాలు. అటూ ఇటూ తిరుగుతూ ఉండేవి తర్వాత చూద్దాం.

దీనికి నాకు తోచిన మంచి పాఠం మీకు ఇప్పటికే నోటికి వచ్చినదే, మోహనం గీతం వరవీణ. ఎఫ్ షడ్జంగా పెట్టుకుంటే మోహనానికి కావలసినవి ఎఫ్ జి ఏ సి డి, ఆ బి ఫ్లాట్ కూడా లేదు, బాసూన్ మీద అంత సుఖమైన రాగం నాకింకోటి కనపడలేదు. గీతం మొదట్లోనే గ గ పా పా ద ప సా సా అని పై షడ్జం దాకా వెళ్ళి వెంటనే రి స అని పై రిషభం తాకి దిగుతుంది చూసేరూ, ఆ రిషభమే సగం రంధ్రం జి. పాట మొత్తం హాయిగా ఉంటూ అక్కడక్కడా మాత్రం ఆ గండం దాటిస్తుంది. ఒక బాసూన్ మాస్టారు కూర్చుని రాసినట్టే ఉంటుంది. మొదట్లో రి స చోట రెండింటి మధ్య చిన్న ఖాళీ ఇచ్చి వాయించండి, చెయ్యి కుదిరేక కలపండి.

అలవాట్లు చెడతాయేమో అన్నారు కదా, గమకాలు ఇప్పుడే పెట్టకండి, స్వరాలు సాదాగా పలికించండి. అంతకు మించి భయపడాల్సింది ఏమీ లేదు. వారంలో ఒకసారి అదే గీతాన్ని బేస్ క్లెఫ్‌లో, అంటే స్టాఫ్ మీద కింద స్వరాలకి వాడే గుర్తుతో, మీ చేత్తో రాయండి, చదవడం కూడా వస్తుంది, లేకపోతే చెవి మీదే ఆధారపడి కాయితం వెనకబడుతుంది.

సన్నాయి_ఇంటివాడు:

సరేనండి ఒప్పుకుంటాను, వాయిద్యం చెప్పినట్టు వినాలి. శంకరాభరణంలోనే చెయ్యండి. కాలాలు మాత్రం తొందరపడకండి, మొదటి కాలంలో గొంతు ఎంత నిండుగా ఉందో మూడో కాలంలోనూ అంతే ఉండాలి, పల్చబడితే మళ్ళీ రెండో కాలానికి వచ్చెయ్యండి.

నర్సాపురం_కాయిర్:

నేను బాసూన్ వాయించను అండి, చర్చి కాయిర్లో ఆర్గన్ వాయిస్తాను. అయినా మీ పోస్టు చదివేక ఒకటి చెప్పాలనిపించింది. మీ ఊళ్ళో గానీ పక్కూళ్ళో గానీ పాత నాలుగు గొంతుల కీర్తనల పుస్తకం, అదే సొప్రానో ఆల్టో టెనార్ బేస్ అని స్టాఫ్ నొటేషన్లో ఉండేది, ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమో అడగండి, మా వైపు చర్చిల్లో చాలా ఇళ్ళల్లో ఉంటాయి. అందులో అన్నిటికన్నా కింద ఉండే బేస్ వరస మీ వాయిద్యానికి అలాగే సరిపోతుంది, బేస్ క్లెఫ్‌లోనే ఉంటుంది, మార్చి రాసుకోవాల్సిన పని లేదు. మా కాయిర్లో బేస్ పాడే అన్నయ్యలు కింద ఎఫ్ దగ్గర్నుంచి పై సి దాకా తిరుగుతూ ఉంటారు, పైన తణుకు గారు రాసిన ఆ హాయి చోటూ గండం చోటూ రెండూ అందులోనే వచ్చేస్తాయి కదా.

ఒక్కొక్కటి పదహారు బార్లో ఎంతో, చిన్నవి, నెమ్మదిగా నడుస్తాయి, లైను చివర ఊపిరి తీసుకునే చోటు పాడేవాళ్ళ కోసం పెట్టిందే కాబట్టి మీకూ కుదురుతుంది. అన్నిటికన్నా ముఖ్యం ఏంటంటే బేస్ వరస ఒక్కటే వాయిస్తే మామూలుగా ఉంటుంది, పైన ఎవరైనా పాట పాడితే దాని అందం తెలుస్తుంది. మీ ఇంట్లో పాడేవాళ్ళు ఉంటే మీరు కింద వాయించండి, వాళ్ళు పైన పాడతారు. పెద్దవాళ్ళు నేర్చుకుంటూ మధ్యలో మానేసేది ఒంటరిగా వాయించడం వల్లేనని నేను నమ్ముతాను, మా కాయిర్లో కొత్తగా చేరినవాళ్ళని మొదటి వారమే అందరితో నిలబెట్టేస్తాం, ఒక్క లైను వచ్చినా చాలు అంటాం.

మీ ఇంటి ఆచారం ఏదైనా పర్లేదు, నేను వరసల గురించి చెప్తున్నాను.

అమలాపురం_మంద్రం:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. ఇవాళ పొద్దున్నే వరవీణ వాయించి చూసేను, నాలుగు శ్రుతి తంబురాతో. చిన్నప్పుడు మాస్టారి ఇంట్లో పదిమందిమి కలిసి అరిచిన పాట అంత కింద గొంతులో వింటుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడి పైన పాడడం మొదలెట్టింది, నేను అడగలేదు. నర్సాపురం మేడమ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. రి స దగ్గర మాత్రం ఇంకా పట్టు దొరకలేదు, జి రావాల్సిన చోట కింద జి వచ్చేస్తోంది.

ఇంకో రెండు సందేహాలు. వర్షాకాలం వస్తోంది, మా కోనసీమలో అప్పుడు గోడలే చెమ్మగిల్లుతాయి, రీడ్‌కీ చెక్కకీ ఏం జాగ్రత్త తీసుకోవాలి? రీడ్ ఒకటి ఇప్పటికే సరిగ్గా పలకట్లేదు, పాఠం బాగాలేదో రీడ్ బాగాలేదో తెలియక అయోమయంగా ఉంది. ఇంకోటి, ఓపస్ 8లో మధ్యలో ఏదో వేరే క్లెఫ్ కనిపిస్తోంది, అది ఇప్పుడే నేర్చుకోవాలా?

కాకినాడ_క్లారినెట్:

రీడ్ సంగతి నేను చెప్తానండి, క్లారినెట్ అయినా కాకినాడ గాలే కదా, మన ఇద్దరి బాధా ఒకటే. రీడ్‌ని నోట్లో పెట్టి తడపకండి, చిన్న గిన్నెలో మంచినీళ్ళు పోసి అందులో రెండు మూడు నిమిషాలు ఉంచండి. వాయించడం అయ్యేక ఊది నీళ్ళు పోగొట్టి గాలి ఆడే పెట్టెలో పెట్టండి, గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేరంటే మన చెమ్మకి రెండో రోజుకే బూజు. రెండు మూడు రీడ్లు తిప్పి తిప్పి వాడండి, ఒక్కదాన్నే రోజూ వాడితే అది పూర్తిగా ఆరే టైమే ఉండదు. పాఠం బాగాలేదా రీడ్ బాగాలేదా అన్నారు, బాసూన్ వాళ్ళు ఒక పరీక్ష చేస్తారు, రీడ్ ఒక్కటే నోట్లో పెట్టి ఊదితే కాకి అరుపులాగ నాలుగైదు స్వరాలు కలిసి గరగరమని రావాలి. ఒక్కటే సన్నగా కీచుమంటే గానీ, ఎంత ఊదినా గాలి తప్ప శబ్దం రాకపోతే గానీ ఆ రోజు పాఠాన్ని తిట్టకండి, రీడ్ మార్చండి.

చెక్క విషయానికొస్తే కింద బూట్ భాగంలో మలుపు ఉంది కదా, నీళ్ళన్నీ అక్కడ చేరతాయి. ఆ బూట్‌లో రెండు రంధ్రాలు ఉంటాయి, సన్నదానికి లోపల రబ్బరు పూత ఉంటుంది, వెడల్పుదానికి మామూలుగా ఉండదు, ఒట్టి చెక్కే. వంచి నీళ్ళు పారబోసేటప్పుడు సన్న రంధ్రం వైపు నుంచే పోవాలి, వెడల్పు వైపు వంచితే చెక్క తడుస్తుంది, మన ఊళ్ళల్లో తడిసింది తొందరగా ఆరదు. తర్వాత గుడ్డ లాగండి. భాగాలు కలిపే చోట దారం చుట్టి ఉంటే వర్షాల్లో అది ఉబ్బి బిగుసుకుంటుంది, బలవంతంగా తోయకండి, ఒకటి రెండు చుట్లు దారం విప్పి మైనం రాయండి. ఎండాకాలం వచ్చేక మళ్ళీ చుట్టుకోవచ్చు.

తణుకు_టు_లైప్‌జిగ్:

కాకినాడ గారు చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు.

జి బదులు కింద జి వస్తోంది అన్నారు, అంటే చూపుడువేలు రంధ్రాన్ని ఎక్కువ మూసేస్తోంది. వేలు ఎత్తి పెట్టకండి, రంధ్రం మీదే ఉంచి కిందకి దొర్లించండి, పైన చిన్న చంద్రవంకంత తెరుచుకుంటే చాలు. దీనికి వేరే స్టడీ వెతక్కండి, వరవీణలో ఆ సా సా రి స అన్న చోటే తీసి పడుకునే ముందు ఓ రెండు నిమిషాలు రీడ్ లేకుండా ఒట్టి వేళ్ళు ఆడించండి, ఇంట్లోవాళ్ళు నిద్రపోయినా పర్లేదు.

ఆ క్లెఫ్ టెనార్ క్లెఫ్, పై స్వరాలు రాయడానికి. ఇప్పుడు వద్దు, ఆ పేజీలు దాటేసి బేస్ క్లెఫ్‌వి చేసుకోండి, పై స్థాయి ఏ బి సి డి లు ఫ్లిక్‌తో శుభ్రంగా పలికేక నేర్చుకుంటే ఎందుకు కావాలో అర్థమవుతుంది.

ఆర్కెస్ట్రా పాటల్లోంచి కూడా ఒకటి పెట్టుకోండి, వినడానికి. ప్రొకోఫియెవ్ 1936లో పిల్లల కోసం చేసిన పీటర్ అండ్ ది వుల్ఫ్‌లో తాతగారి గొంతు బాసూనే. గ్రీగ్ పీర్ గింట్ సంగీతంలో కొండరాజు కొలువు ఘట్టం మొదలయ్యేది కూడా బాసూన్లతో, చెల్లోలతో, డబుల్ బేస్‌లతో, ఒకే వరస నెమ్మదిగా మొదలై వేగం పెరుగుతూ పోతుంది. కొత్తవాళ్ళ పుస్తకాల్లో దాన్ని సులువు శ్రుతిలోకి మార్చి వేస్తారు, మూడు కాలాల మనిషికి అది బాగా నచ్చుతుంది. మొజార్ట్ 1774లో రాసిన బాసూన్ కాన్‌చెర్టో (ఆర్కెస్ట్రా తోడుతో ఒక వాయిద్యం ముందుండి వాయించే రచన), వివాల్డి రాసిన ముప్పై పైచిలుకు కాన్‌చెర్టోలు ఇప్పుడు వింటూ ఉండండి, ఆ పొడుగు స్వరం ఎక్కడికి తీసుకెళ్తుందో చెవికి తెలియాలి. బాఖ్ చెల్లో సూట్లు బేస్ క్లెఫ్‌లోనే ఉన్నాయి కదా అని ఎవరైనా ఇస్తారు, అవి చెల్లోకి రాసినవి, ఊపిరికి చోటుండదు, కొన్నేళ్ళు ఆగండి. మిల్డే అనే ఆయన బాసూన్‌కి రాసిన స్టడీలు కూడా అంతే, చాలా అందమైనవి గానీ ఇప్పుడు కాదు. మధ్యలో మెట్లు కావాలంటే సంగీతం పరీక్షలు పెట్టే ట్రినిటీ వాళ్ళవీ ఏబీఆర్‌ఎస్‌ఎం వాళ్ళవీ బాసూన్ గ్రేడ్ సిలబస్‌లు నెట్‌లో చూడండి, పరీక్ష రాయకపోయినా ఒకటో గ్రేడ్ రెండో గ్రేడ్ లిస్టులో ఉన్న పాటల్లోంచి నచ్చింది ఏరుకోవచ్చు, చాలావరకు పియానో తోడుతో ఉంటాయి.

మీ అరగంటకైతే తంబురాతో ఐదు నిమిషాలు, జంట స్వరాలు ఐదు నిమిషాలు, ఓపస్ 8లో కొత్తది పది నిమిషాలు, మిగతాది మీ ఆవిడ గారి పాటకి కింద వరస. సీటు పట్టీ, అదే మీరు కూర్చునే చోట వేసుకుని బాసూన్‌ని తగిలించే పట్టీ, దాని మీద బరువంతా ఉండాలి, ఎడం చెయ్యి మొయ్యకూడదు, మణికట్టు నొప్పి పుడితే ఆ రోజుకి ఆపెయ్యండి. మోహనం అయ్యేక హంసధ్వని చూడండి, ఎఫ్ జి ఏ సి ఇ, అది కూడా ఎడం బొటనవేలిని కదపదు.

అమలాపురం_మంద్రం:

చంద్రవంకంత అన్నారు చూడండి, అది పనిచేసిందండి, నాలుగుసార్లకి మూడుసార్లు పై జి వచ్చింది. మాస్టారికి కింద వరస రికార్డు చేసి పంపమని మెసేజ్ పెట్టేను, ఆదివారం పంపుతానన్నారు. నర్సాపురం మేడమ్ గారూ, మా బ్యాంకులో ఒక కొలీగ్ ఇంట్లో ఆ నాలుగు గొంతుల పుస్తకం ఉందట, వాళ్ళ నాన్నగారు బేస్ పాడేవారట, రేపు తెస్తానన్నాడు. అందులో మొదట ఏ కీర్తన బేస్ వరస మొదలెట్టమంటారు?

నర్సాపురం_కాయిర్:

పుస్తకం ముందు ఇంటికి రానివ్వండి. ఎఫ్ శ్రుతిలో ఉన్నవి, అంటే క్లెఫ్ పక్కన ఒకే ఒక్క ఫ్లాట్ గుర్తు ఉన్నవి చూసి వాటిల్లో అన్నిటికన్నా చిన్నది తీసుకోండి. పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి, ఊపిరి ఎక్కడెక్కడ తీసుకోవాలో గుర్తులు పెట్టి పంపిస్తాను.